నేను బాగుచేసిన సొరపన్ను

"ఆగండి! ఆగండాగండి!"

ఆ కేక నా కోసమని నేననుకోలేదు. ఆదివారం ఉదయం, బీచ్‌లో నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. సముద్రం ఆ రోజు చెరువులా పడుకుని ఉంది. తడి ఇసుకలో చదునైన నల్లరాళ్ళు ఏరుకుని, నీటి మీద ఎగిరెగిరి పోయేలా విసురుతున్నాను. నాలుగోది బ్రహ్మాండంగా ఐదు గంతులు వేసి మునిగింది. నన్ను నేనే మెచ్చుకుంటూ వెనక్కి తిరిగేసరికి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచిన ఒక అమ్మాయి రొప్పుతూ నా ఎదురుగా నిలబడి ఉంది.

"మీరిప్పుడు విసిరింది రాయి కాదు."

"మరి?"

"పన్ను. సొరచేప పన్ను. లక్షల ఏళ్ళ తర్వాత ఇవాళ ఒడ్డుకొచ్చింది. మీరు తిరిగి పంపించేశారు."

నవ్వాను. ఆమె నవ్వలేదు. అరచేయి తెరిచి చూపించింది. అందులో నల్లగా, మూడు మూలలుగా ఒక ముక్క ఉంది. కింద రెండు పాయలుగా చీలిన వేరు, పక్కల రంపంలాంటి అంచు. శిలాజం, అంటే రాయిగా మారిపోయిన పన్ను.

నా ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకంటే పళ్ళు నా వృత్తి. మా అక్క నడిపే డెంటల్ ల్యాబ్‌లో ఏడేళ్ళుగా క్యాపులు, కట్టుడు పళ్ళు తయారుచేస్తున్నాను. ఊళ్ళో సగం మంది నవ్వు నా చేతిమీదుగా వచ్చిందే. అలాంటివాణ్ణి, చేతిలో ఉన్న పన్నును రాయనుకుని నీళ్ళలో పారేశాను.

"మీరేం చేస్తుంటారు?" అని ఖర్మకాలి ఆమె అప్పుడే అడిగింది.

"పళ్ళు... చేస్తానండీ."

ఆమె రెండు క్షణాలు నన్నలాగే చూసి, పొట్ట పట్టుకుని ఇసుకలో కూలబడి నవ్వింది. నాకు చెవులు వేడెక్కిపోయాయి.

"సరే డాక్టరుగారూ, ఇప్పుడు నాతో వచ్చి ఇంకో పన్ను వెతికిపెట్టండి."

"నేను డాక్టర్ని కాదండీ, టెక్నీషియన్ని."

"పళ్ళు పీకి పారేసేది డాక్టర్లేగా!"

అలా నాకు డాక్టరుగారని పేరు స్థిరపడింది. ఆమె హైస్కూల్లో సైన్స్ టీచరు. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు పళ్ళ టీచర్. నేను మర్యాదగా టీచర్ అనేవాణ్ణి, అంతే.

తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళాను. నీళ్ళు వెనక్కి పోయే వేళకి వెళ్ళాలి, గవ్వల పొట్టు చారగా పడి ఉన్నచోట నడవాలి, నల్లగా మెరిసేదాని కోసం చూడాలి. దొరికిన ప్రతి పన్నునూ ఆమె చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఎక్కడ దొరికిందో, ఏ రోజో రాసుకునేది. కడిగేది కాదు, తుడిచేది కాదు.

"సొరచేపకి పళ్ళు ఊడుతూనే ఉంటాయి, కొత్తవి వస్తూనే ఉంటాయి. ఒక్కోదానికి జీవితంలో వేలకొద్దీ," అంది ఒకసారి.

"మనుషులకీ అలాగే వస్తే మా అక్క ల్యాబ్ మూసుకోవాల్సిందే."

ఆరో ఆదివారం వాన పట్టుకుంది. బోర్లించిన పడవ కింద దూరి, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. ఆమె జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. తన క్లాసులో ఎవరో పిల్ల, సొరచేపలు బ్రష్ చేసుకోవు కాబట్టి తనూ చేసుకోనందని చెప్పి గలగలా నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తూ నేను నా మనసులో మాట చెప్పేద్దామని నోరు తెరిచాను. బయటికొచ్చింది మాత్రం ఇది:

"మీ పై కోరపన్ను కొంచెం పక్కకి తిరిగిందండీ. చిన్న క్యాప్ వేస్తే సరిపోతుంది."

నవ్వు టక్కున ఆగింది. చేత్తో నోరు మూసుకుంది.

"ఇంతసేపూ నా పళ్ళు చూస్తున్నారా?"

"లేదండీ. అంటే అవును. అంటే మిమ్మల్నే చూస్తున్నాను, మధ్యలో పళ్ళు కనిపించాయి."

"వంకరగా ఏది కనబడినా సరిచేసెయ్యాలా మీకు?"

"అలవాటండీ."

"దీన్ని వదిలెయ్యండి. ఇది మా అమ్మ పోలిక."

సిగ్గుతో చచ్చిపోయి వానలోకి లేవబోయాను. ఆమే నా చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "తడుస్తారు, కూర్చోండి." ఆ చొక్కా నేను రెండు రోజులు ఉతకలేదు. ఇది అక్కకి చెప్పలేదు గాని, అక్కకి ముక్కు ఉంది కాబట్టి తెలిసిపోయింది.

ఆ తర్వాతి వారం తుఫాను వెలిసిన మర్నాడు దొరికిందది. అరచేయి నిండా పట్టేంత పన్ను. వేరు కన్నాల్లో బూడిదరంగు మట్టి గట్టిగా పట్టి ఉంది. కొన మాత్రం విరిగిపోయింది. ఆమె దాన్ని ఇసుకలోంచి తీసింది. ఫోన్లో రెండు ఫోటోలు తీసుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"రేపట్నుంచి పది రోజులు నాకు ట్రైనింగ్, వేరే ఊళ్ళో. ఇంటికి రంగులేయిస్తున్నాం, సామానంతా నడివీధిలో ఉన్నట్టుంది. నాన్న ఏది ఎక్కడ పెట్టారో ఆయనకే తెలీదు. దీన్ని మీ దగ్గర ఉంచుతారా?"

ఉంచుతారా అంది. అంతకుమించి ఒక్క ముక్క అనలేదు. ఆ మాట నాకు ఈ రోజుకీ చెవిలో ఉంది.

రెండు రోజులు ఉంచాను. నా టేబుల్ మీద, ల్యాంపు కింద. పని చేస్తూ చేస్తూ దానికేసి చూసేవాణ్ణి. మొండి కొన, మట్టిపట్టిన వేరు, చారలు చారలుగా గీసుకుపోయిన అంచు. నా టేబుల్ మీదికి అలా విరిగి వచ్చినవన్నీ నిండుగా తిరిగి వెళ్తాయి. ఇదొక్కటీ ఇలాగే వెళ్ళాలా? ఆమె డబ్బా మూత తియ్యగానే కళ్ళు పెద్దవి చేసుకోవడం ఊహించుకున్నాను. మూడో రోజు నా చెయ్యి ఊరుకోలేదు.

విరిగిన చోటును సమంగా అరగదీశాను. పోర్సిలిన్‌తో కొన విడిగా చేసి ఫర్నేస్‌లో కాల్చాను. పళ్ళ రంగులు పోల్చుకునే మా షేడ్ గైడ్‌లో నలుపు ఉండదు, అందుకని మూడు రంగులు కలిపి రెండుసార్లు పారేసి మూడోసారి సరిగ్గా ఆ నలుపే తెచ్చాను. సిమెంటుతో అతికించాను. గీతలు పోయేదాకా పాలిష్ పట్టి, వేరులో మట్టంతా గీకేశాను. అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు. నా జీవితంలో అంత మంచి పని చెయ్యలేదు.

అక్క అద్దాలు పైకి నెట్టుకుని చూసింది. "బాగుందిరా. ఆ అమ్మాయి బాగుచెయ్యమందా?"

"సర్‌ప్రైజ్."

"ఊఁ," అంది అక్క.

ఆ సాయంత్రమే ఫోను.

"డాక్టరుగారూ! ఇక్కడ ట్రైనింగ్‌కి మ్యూజియం సారు వచ్చారు. ఫోటో చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారండీ! ఆ కొన ఊరికే విరగలేదట. సొర బతికి ఉండగా దేన్నో ఎముక దాకా కొరికినప్పుడు విరిగిందట. పక్కన గీతలున్నాయి చూశారా, అవి అప్పటివేనట. వేరులో మట్టి చూస్తే ఏ కాలందో కూడా చెప్పొచ్చట. వచ్చే శనివారం మా స్కూలుకే వస్తానన్నారు. మట్టి ఒక్క రవ్వ కూడా రాలకూడదన్నారు. భద్రంగా ఉందిగా?"

నా ఎదురుగా తళతళలాడుతోంది పన్ను. టేబుల్ మీద బూడిదరంగు పొడి ఇంకా ఊడవలేదు.

"భద్రంగా ఉందండీ," అన్నాను.

"మీకిచ్చి మంచిపని చేశాను," అని పెట్టేసింది.

అక్క అంతా వింది. "ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్."

"చెప్తే నా ముఖం చూడదక్కా."

"చెప్పకపోతే నువ్వు చూడగలవా అద్దంలో నీ ముఖం?"

చూడగలననుకున్నాను. అక్కడిదాకా చేసింది తెలివితక్కువతనం. తర్వాత చేసింది నీచం. మంగళవారం మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్ళినప్పుడు తలుపు గడియపెట్టుకున్నాను. ఆమె అంతకుముందు పంపిన ఫోటో ఎదురుగా పెట్టుకుని, అతికించిన కొన ఊడదీసి, విరిగినట్టుగా మళ్ళీ చెక్కాను. గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టి, పళ్ళు అరగదీసే సన్నటి ముల్లు, బర్‌తో అన్నే గీశాను. బీచ్ నుంచి మట్టి తెచ్చి, మైనం చెక్కే కత్తితో వేరు కన్నాల్లో కూరాను. టీ డికాక్షన్‌తో మెరుపు చంపాను. ఫోటోకీ దానికీ తేడా లేదు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

శుక్రవారం సాయంత్రం ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళాను. గోడలు కొత్త రంగు వాసన కొడుతున్నాయి. వాళ్ళ నాన్నగారు రిటైరైన బస్సు డ్రైవరు. కింది కట్టుడు పళ్ళు వదులై, మాట్లాడినప్పుడల్లా టకటకమంటున్నాయి. ఆమె డబ్బా తెరిచి, చూసి, గుండెకి హత్తుకుంది.

"రవ్వ కూడా రాలలేదు నాన్నా!"

"మా అమ్మాయి తన పెన్ను కూడా ఎవరికీ ఇవ్వదు బాబూ," అన్నారాయన నాకు టీ అందిస్తూ. "నీకు ఇదిచ్చిందంటే నువ్వేమిటో నాకర్థమైంది."

నేనేమిటో ఆయనకి అర్థం కాలేదు. ఆమె గుమ్మం దాకా వచ్చి, "రేపు మీరు తప్పకుండా రావాలి. మీరు ముందు వరుసలో కూర్చోవాలి," అంది. ఆ వంకర కోరపన్ను కనబడేలా నవ్వింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

శనివారం సైన్స్ ల్యాబ్‌లో నలభై మంది పిల్లలు. మ్యూజియం సారు పెద్దాయన, మెడలో తాడుకి భూతద్దం వేలాడుతోంది. పన్నును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఆ వైపు ఈ వైపు తిప్పి చూశారు. నేను దొరికిపోతానని ఎదురుచూస్తున్నాను. నిజం చెప్పాలంటే దొరికిపోతే బాగుండునని కోరుకుంటున్నాను.

ఆయన తల పైకెత్తారు. ముఖం వెలిగిపోతోంది. "అమ్మా, నేననుకున్నదే! ఈ గీతలు చూడండి. ఇలాంటిది నా సర్వీసులో రెండోది. దీని గురించి నేను రాస్తాను. మీ పేరూ, మీ స్కూలు పేరూ వేసి రాస్తాను."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ళనిండా నీళ్ళతో అందరినీ వదిలి నావైపే చూసింది. ఇందులో మీకూ భాగముందన్నట్టు చూసింది.

ఆ చూపు నేను మొయ్యలేకపోయాను.

"సార్," అన్నాను లేచి. "ఆ గీతలు నేను గీసినవి."

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. చెప్పాను. అరగదీయడం, కొన, పాలిష్, మళ్ళీ చెక్కడం, మట్టి, టీ. తల దించుకునే చెప్పాను. సారు పన్నును టేబుల్ మీద పెట్టేసి, "ఎంత పని చేశావయ్యా," అన్నారు నెమ్మదిగా. తిట్టి ఉంటే బాగుండేది.

ఆమె గొంతు కూడా పెంచలేదు.

"నేను ఫోన్ చేసేటప్పటికే అరగదీసేశారా?"

"అవును."

"భద్రంగా ఉందన్నారు."

"అన్నాను."

"నిన్న మా ఇంట్లో టీ తాగినప్పుడు?"

"అప్పుడూ చెప్పలేదు."

"అరగదీసింది తెలియక చేశారు," అంది. "గీతలు తెలిసే గీశారు."

"అవునండీ."

"పిల్లలూ, క్లాసుకి వెళ్ళండి," అంది. తర్వాత ఇంకెవరో కొత్త మనిషితో చెప్పినట్టు, "మీరూ వెళ్ళండి," అంది.

పిల్లలతో పాటు వరండాలో నడిచాను. ఒక పిల్ల నా వైపు చూసి పక్కకి తప్పుకుంది. నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది గాని, నేల చీలలేదు, గేటు దాకా నడవాల్సి వచ్చింది.

సోమవారం కూర్చుని అంతా కాగితం మీద పెట్టాను. ఏ వైపు ఎన్ని మిల్లీమీటర్లు అరగదీశానో, ఏ బర్ వాడానో, ఏది నా గీతో, ఏ చోటు అసలు ముట్టుకోలేదో, మట్టి ఎక్కణ్ణుంచి తెచ్చానో, బొమ్మ గీసి మరీ రాశాను. క్షమించమని మాత్రం రాయలేదు. ఆ కాగితం పన్ను కోసం, నా కోసం కాదు. స్కూలు ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను.

నెల రోజులు బీచ్ వైపు వెళ్ళలేదు. ఆదివారం వస్తే ముసుగుతన్ని పడుకునేవాణ్ణి. క్యాప్ చేస్తుంటే చెయ్యి ఆగిపోయేది. దీన్ని బాగుచెయ్యమని నిజంగానే అడిగారా అని డాక్టరు రాసిన చీటీ రెండుసార్లు చదువుకునేవాణ్ణి. అక్క పాపం నన్ను ఏమీ అనలేదు. అదింకా కష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ల్యాబ్‌కి వాళ్ళ నాన్నగారు వచ్చారు. చేతిలో డాక్టరు చీటీ, చిగుళ్ళ అచ్చు.

"కింది సెట్టు కొత్తది కావాలి బాబూ. వెతుక్కుంటూ నీ దగ్గరికే వచ్చాను."

నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మా అమ్మాయికి నీ పేరెత్తితే కోపం," అన్నారాయన కూర్చుంటూ.

"తెలుసండీ."

"పేరెత్తకపోతే ఇంకా కోపం. ఇంట్లో ఉండలేకపోతున్నాను."

అక్క లోపల ప్లాస్టర్ కలపడం ఆపేసింది. వింటోందన్నమాట.

"ఆ రోజు మా ఇంట్లో నీ చేతిలో కప్పు గడగడలాడింది. పెళ్ళి మాట అడగడానికొచ్చావేమో, భయపడుతున్నావనుకున్నాను." ఆయన చీటీని మడిచి, విప్పి, మళ్ళీ మడిచారు. "ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. ఒకసారి ఒక ఇంటి ప్రహరీకి కొట్టేశాను. ఎవరూ చూడలేదు. డిపోలో పెట్టేసి ఇంటికి పోయాను. ఆ తప్పు ఇంకో డ్రైవరు మీదికి పోయింది. నేనిప్పటికీ చెప్పలేదు. నీకే చెప్తున్నాను."

"అయ్యో, అలా అనకండి."

"నువ్వు చెప్పావు బాబూ. ఎవరూ అడక్కుండా, పట్టుకోకుండా, నలభై మందిలో లేచి చెప్పావు. అది నా వల్ల కాలేదు. మా అమ్మాయికీ అదే అన్నాను. పళ్ళు గురువారానికి అవుతాయా?"

గురువారం పళ్ళు తీసుకోవడానికి ఆయన రాలేదు. ఆమె వచ్చింది.

డబ్బా తెరిచి పెట్టాను. వాళ్ళ నాన్నగారి కట్టుడు పళ్ళు మా ఇద్దరి మధ్యా బల్ల మీద నవ్వుతూ ఉన్నాయి. మేమిద్దరం నవ్వలేదు.

"సారు ఉత్తరం రాశారు," అంది పళ్ళకేసి చూస్తూ. "మీ కాగితం పెట్టుకుని పన్నంతా మళ్ళీ చూశారట. లోపలి వైపు మీరు ముట్టుకోలేదన్న చోట అసలు గీతలు రెండు మిగిలాయట. పూర్తిగా పోలేదన్నారు."

"ఆయన దయ."

"గీతలు ఎందుకు గీశారు?"

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "మీరు నన్ను చూసే చూపు పోతుందని."

"పోయింది."

"తెలుసండీ."

"అప్పుడే చెప్పి ఉంటే తిట్టేదాన్ని. ఏడ్చేదాన్ని. తర్వాత..." ఆగింది. "చెప్పాల్సింది చెప్పాల్సినప్పుడు చెప్పరు మీరు."

"అవునండీ. మీరంటే నాకు ప్రాణం. అది పడవ కింద వాన పడ్డ రోజే చెప్దామనుకున్నాను. నోట్లోంచి క్యాప్ గురించి వచ్చింది."

ఆమె పెదవులు కదిలాయి. నవ్వు కాకుండా గట్టిగా ఆపుకుంది.

"నాకు కోపం తగ్గలేదు."

"తగ్గమని అడగనండీ. అడిగే ముఖం నాకు లేదు."

డబ్బా బ్యాగులో వేసుకుని తలుపు దాకా వెళ్ళింది. వెనక్కి తిరక్కుండానే అంది: "ఆదివారం ఆరున్నరకి నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. వస్తే రండి. ఏదైనా కనబడితే ముట్టుకోవద్దు. కేకెయ్యండి."

"వస్తాడమ్మా!" అని అక్క లోపల్నుంచి అరిచింది.

వెళ్ళాను. ఆమె ముందు, నేను పది అడుగుల వెనక. గంటసేపు అలాగే నడిచాం. సన్నగా తుంపర పడుతోంది. గవ్వల చారలో, నా కాలికి జానెడు దూరంలో, నల్లగా మెరిసింది. గోరంత పన్ను. మామూలుగా ఈ ఒడ్డున దొరికేదే, విశేషమేమీ లేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "టీచర్!" అని కేకేశాను.

ఆమె వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుంది, ఫోటో తీసింది, అడుగులు కొలిచింది, పుస్తకంలో రాసుకుంది. నేను చేతులు వెనకే ఉంచుకుని నిలబడ్డాను. అంతా అయ్యాక తలెత్తి నన్ను చూసింది.

"ఊఁ. తియ్యి."

"నేనా?"

"చేతులున్నాయిగా నీకు."

వంగాను. నా వేళ్ళ మధ్య నుంచి పన్ను తడి ఇసుకలోకి జారింది. అటునుంచి అల వస్తోంది. ఆమె చప్పున నా చేతి కింద తన చెయ్యి పెట్టింది. ఇద్దరం ఇసుకతో సహా పైకెత్తాం. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి, పన్ను మిగిలింది.

"దీన్నేం చేస్తావు?" అంది.

"ఏమీ చెయ్యను."

ఆమె నా గుప్పిట మూసింది. "అయితే నీ దగ్గరే ఉంచు."

నాకు ఏడుపొచ్చింది. బీచ్‌లో పదిమంది చూస్తున్నారు. ఆ ఒక్కసారికి మాత్రం సిగ్గుపడలేదు.